మంద వెంట మందు పెట్టె: బ్యాటరీ లెక్క తప్పితే టీకా వృథా

ఎండాకాలం వచ్చిందంటే సిరిసిల్ల వైపు మెట్ట ఊళ్ల గొర్ల కాపరులు మందలను తోలుకొని మేత ఉన్న చోటికి పోవడం మామూలే. యాసంగి వరి కోతలయ్యాక కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల్లో కాకతీయ కాలువ కింది మళ్లలో మేత దొరుకుతుంది. పొలంలో మంద పెట్టినందుకు రైతు ఇచ్చేది నాలుగు గింజలో, పైసలో కాపరికి ఆసరా అవుతుంది. ఒకప్పుడు గాడిద మీద పోయిన సామాను ఇప్పుడు ట్రాలీ ఆటోలో పోతున్నది. వంట గిన్నెలు, వలలు, పిల్లలను కమ్మే గంపలు అన్నీ అందులోనే. అదే బండిలో టీకా మందుకు చిన్న ఫ్రిజ్ కూడా పెట్టుకోవచ్చా అని కొందరు కాపరులు అడుగుతున్నారు. పెట్టుకోవచ్చు. అయితే ఫ్రిజ్ కొనక ముందే దానికి కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో లెక్క చూసుకోవాలి.

చల్లదనం ఎందుకు?

చిటుకు రోగం, గొంతువాపు టీకాలు తొలకరికి ముందే వేయించాలి. అంటే ఎండ 42, 43 డిగ్రీలు కొట్టే రోజుల్లోనే టీకా మంద దగ్గరికి చేరాలన్నమాట. టీకా ఏదైనా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పారుడు రోగం టీకాలో ఉండేది బతికి ఉన్న, బలం తగ్గించిన వైరస్. వేడి తగిలితే అది చస్తుంది. చిటుకు, గొంతువాపు టీకాల సంగతి వేరు. అవి వేడికే కాదు, గడ్డకట్టినా చెడిపోతాయి.

చెడిన టీకాను కంటితో చూసి గుర్తుపట్టడం కష్టం. సూది పడుతుంది, మందకు టీకా అయిందని కాపరి ధీమాగా ఉంటాడు. వానలు పడి రోగం తగిలిన నాడే అసలు సంగతి బయటపడుతుంది. పశువుల్లో ముసర రోగం ప్రపంచంలోనే లేకుండా పోయిందని 2011లో ప్రకటించారు. వేడిని కొంత తట్టుకునే టీకా ఆ పనిలో ఎంతో సాయపడింది. పారుడు రోగాన్ని కూడా 2030 నాటికి అలాగే లేకుండా చేయాలని 2015లో ప్రపంచ స్థాయిలో లక్ష్యం పెట్టుకున్నారు. మన మంద దగ్గర టీకా చల్లగా ఉండడం కూడా ఆ పనిలో భాగమే.

ముందు రోజులు లెక్కపెట్టండి

పొద్దున టీకా తెచ్చి సాయంత్రానికి వేయడం అయిపోతే ఫ్రిజ్ అక్కరలేదు. పశువైద్యశాలల్లో వాడే టీకా డబ్బాలో నాలుగు వైపులా ఐసు ప్యాకులు పెట్టి, ఊరికే తెరవకుండా నీడన ఉంచితే ఒక రోజుకు సరిపోతుంది. ఫ్రీజర్ నుంచి తీసిన ఐసు ప్యాకును వెంటనే సీసాలకు ఆనించరాదు. ప్యాకు ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించేదాకా ఆగి, అప్పుడు పెట్టాలి. లేకుంటే టీకా గడ్డకడుతుంది.

మంద రెండు మూడు రోజులు ఊరికి దూరంగా ఉండి, కొన్ని గొర్లకు ఇవాళ, మిగతావాటికి ఎల్లుండి వేయాలంటేనే ఫ్రిజ్ అవసరం. ఒక్కరే కొనకుండా నాలుగైదు మందల వాళ్లు కలిసి ఒకటి తీసుకోవడం మేలు.

ఏ ఫ్రిజ్ తీసుకోవాలి?

అంగట్లో తక్కువ ధరకు దొరికే కూలర్ డబ్బాల్లో కంప్రెసర్ ఉండదు. అవి బయటి వేడి కంటే 15, 20 డిగ్రీలు మాత్రమే తగ్గిస్తాయి. బయట 42 ఉంటే లోపల 22 దాకా ఉంటుంది. ఆ చల్లదనం నీళ్ల సీసాకు చాలుతుంది గాని టీకాకు చాలదు. పైగా అవి ఆగకుండా కరెంటు తాగుతూనే ఉంటాయి. టీకాకు కంప్రెసర్ ఉన్న 12 వోల్టుల ఫ్రిజ్ తీసుకోవాలి. ఇంటి ఫ్రిజ్‌ను ఇన్వర్టర్ పెట్టి బండిలో నడిపిద్దాం అనుకోవద్దు. 12 వోల్టులను 230 వోల్టులుగా మార్చడంలోనే కొంత కరెంటు వృథా అవుతుంది.

ఇదీ లెక్క

ఫ్రిజ్ మీద 60 వాట్లు అని ఉందనుకుందాం. 60ని 12తో భాగిస్తే 5 ఆంపియర్లు. ఎండాకాలంలో కంప్రెసర్ సగం సేపు నడిచి సగం సేపు ఆగుతుందనుకుంటే గంటకు రెండున్నర ఆంపియర్ అవర్లు ఖర్చు. అంటే రాత్రి 10 గంటలకు 25, రోజు మొత్తానికి 60.

ఇప్పుడు బండి బ్యాటరీ చూడండి. దాని మీద 50 ఆంపియర్ అవర్ అని ఉంటే 50 అంతా మనది కాదు. బండి స్టార్టు చేసే బ్యాటరీని సగం కంటే కిందికి దించితే దాని ఆయుష్షు తగ్గుతుంది, ఇంజను కూడా స్టార్టు కాకపోవచ్చు. కాబట్టి వాడుకోదగినది 25 మాత్రమే. ఒక్క రాత్రితో సరి. తెల్లారి బండి కదలదు, ఆ తరువాత ఫ్రిజ్ ఆగిపోతుంది. ఊరికి దూరంగా ఉన్నప్పుడు బండీ పోయి, మందూ పోతే కాపరి గతి ఏమిటో ఆలోచించండి.

బ్యాటరీ ఎంత దిగిందో చిన్న మీటరు పెట్టి చూసుకోవచ్చు. ఫ్రిజ్ ఆపి కొంతసేపు అయ్యాక 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం అయినట్టు.

ఫ్రిజ్‌కు వేరే బ్యాటరీ

అందుకే ఫ్రిజ్‌కు వేరే బ్యాటరీ ఉండాలి. ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడే 100 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీలో సగం, అంటే 50 వాడుకుంటే దాదాపు 20 గంటలు నడుస్తుంది. బండి నడిచేటప్పుడు అది చార్జి కావడానికి, బండి ఆగగానే రెండు బ్యాటరీలు విడిపోవడానికి మధ్యలో ఐసొలేటర్ రిలే పెట్టించాలి. బండి వైరింగ్ తెలిసిన మెకానిక్ ఈ పని చేస్తాడు.

మంద ఒకేచోట ఉండి బండి నడవని రోజుల్లో సోలార్ పలక ఆదుకుంటుంది. మంచి ఎండలో 100 వాట్ల పలక రోజుకు 25 ఆంపియర్ అవర్ల వరకు ఇస్తుంది. మన ఖర్చు 60 కాబట్టి ఒక పలకతో సగం కూడా తీరదు. రెండు పలకలు పెడితే 50 వస్తుంది, మిగతాది బ్యాటరీ భరిస్తుంది. పలకకు, బ్యాటరీకి మధ్య చార్జ్ కంట్రోలర్ తప్పనిసరి.

వైరు, ఫ్యూజు

సన్న వైరు వేస్తే దారిలోనే వోల్టేజి పడిపోతుంది. బ్యాటరీ బాగానే ఉన్నా ఫ్రిజ్ ఆగిపోతుంది. అంగట్లో 4 ఎంఎం అని అడిగితే ఇచ్చే రాగి వైరు వేయించాలి. బ్యాటరీ ప్లస్ కొన దగ్గరే 15 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు లేకుండా వైరు ఎక్కడైనా రాసుకుంటే మంట లేస్తుంది. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టిన పిన్ను గతుకుల బాటలో ఊడిపోతుంది, దాన్ని నమ్మవద్దు. మనుషులు పడుకునే మూసిన చోట ఈ బ్యాటరీ పెట్టరాదు. చార్జి అయ్యేటప్పుడు మండే గాలి వస్తుంది, అక్కడ బీడీ ముట్టించడం ప్రమాదం.

పెట్టెలో జాగ్రత్తలు

బయలుదేరే ముందు రాత్రే ఇంటి కరెంటు మీద ఫ్రిజ్‌ను చల్లబరచాలి. 4, 5 డిగ్రీల దగ్గర పెట్టి, లోపల ఒక థర్మామీటరు ఉంచి పొద్దుమాపు చూడాలి. ఖాళీ జాగాలో నీళ్ల సీసాలు పెడితే చల్లదనం నిలుస్తుంది. ఫ్రిజ్ నీడన ఉండాలి, గాలి పోయే జాలీకి సామాను ఆనరాదు. కూర గిన్నెలు, కల్లు సీసాలు అందులో పెట్టి మాటిమాటికి తెరిస్తే లెక్కంతా తప్పుతుంది. పారుడు రోగం టీకాను కలిపిన తరువాత ఐసు మీదే ఉంచి గంట, రెండు గంటల్లో వేసెయ్యాలి. మిగిలింది ఫ్రిజ్‌లో దాచినా పనికిరాదు.

ఏ టీకా ఎప్పుడు, ఎంత మోతాదు అన్నది దగ్గరి పశువైద్యశాల డాక్టరు గారిని అడిగే చేయాలి. అనుమానం ఉంటే కోరుట్ల పశువైద్య కళాశాలలో కూడా విచారించవచ్చు. కాపరి సోదరులు ఫ్రిజ్ ధర అడిగే ముందు తమ బండి బ్యాటరీ మీద రాసిన అంకె చూసుకోవాలి. ఆ అంకెలో సగమే మనదని గుర్తుంచుకుంటే టీకా నిలుస్తుంది, మంద నిలుస్తుంది.