డిశ్చార్జి అయిన బిడ్డకు ఆట, మాట, అదనపు పూట

(మూడు నుండి ఐదేళ్ళ పిల్లలున్న కుటుంబాల కొరకు)

విరేచనాలతోనో, న్యుమోనియాతోనో కొన్ని రోజులు వార్డులో ఉన్న బిడ్డను ఇంటికి పంపే రోజున మేము చాలా సంగతులు చెబుతాము. మీకేమో బిల్లు కట్టాలి, మందులు తీసుకోవాలి, బస్సు అందుకోవాలి. ఆ హడావిడిలో మందులు ఎన్ని పూటలు వేయాలో మాత్రం విని మిగతాది వదిలేస్తారు. అందుకని ఆ మిగతాది ఇక్కడ వ్రాస్తున్నాను. అమ్మ పనికి వెళితే ఇంట్లో బిడ్డను చూసుకునే అమ్మమ్మ, నాయనమ్మలకు కూడా ఇది చదివి వినిపించండి.

ఇంటికి చేరిన మూడు నాలుగేళ్ళ బిడ్డ చంక దిగదు. అన్నం చూపిస్తే మూతి తిప్పుకుంటుంది. గలగల మాట్లాడే బిడ్డ ముంగిలా కూర్చుంటుంది. పక్క తడపటం మానేసిన పిల్లవాడు మళ్ళీ తడుపుతాడు. దీన్ని పెంకితనం అనుకుని కొట్టవద్దు. తెలియని మనుషులు, సూదులు, రాత్రంతా వెలిగే లైట్లు ఆ చిన్న మనసును భయపెట్టాయి. చాలామంది పిల్లల్లో కొద్ది రోజుల్లో ఇది సర్దుకుంటుంది. అందుకు మీ ఒడి కావాలి, ఆట కావాలి. మనం ఇస్తున్నది సెల్‌ఫోను. ఫోను చూపిస్తూ నాలుగు ముద్దలు పెట్టవచ్చు గాని, ఏమి తిన్నదో, కడుపు నిండిందో లేదో బిడ్డకే తెలియదు. రెండు నుండి నాలుగేళ్ళ పిల్లలు రోజుకు గంటకు మించి తెర ముందు కూర్చోరాదని, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

అదనపు పూట అంటే

జబ్బు చేసినప్పుడు బిడ్డ బరువు తగ్గుతుంది. ఆ తగ్గింది తిరిగి రావాలంటే మామూలు తిండి చాలదు. విరేచనాలు తగ్గిన తరువాత కనీసం రెండు వారాల పాటు రోజూ తినే దానికి తోడు ఇంకొక పూట పెట్టాలి. ఈ మాట వినగానే తల్లులు, “ఉన్న పూటలే తినటం లేదు సిస్టర్, ఇంకో పూట ఎక్కడ తింటాడు?” అంటారు. నిజమే. కంచం ముందు కూర్చోబెడితే తినడు. తన చేత్తో తాను చేసింది మాత్రం రుచి చూడకుండా ఉండడు. కాబట్టి ఆ పూటను ఆటలో కలపండి. రోజుకు ఒక సంగతి తీసుకుని, దాని మీదే ఆట, దాని మీదే మాటలు, చివరకు దాని మీదే ఫలహారం. ఒక్క రూపాయి బొమ్మ కొనక్కరలేదు.

ఒక హెచ్చరిక. గుండె, మూత్రపిండాల జబ్బు, చక్కెర జబ్బు ఉన్న పిల్లలకు డాక్టరు వ్రాసిచ్చిన ఆహారమే పెట్టాలి. వారికి ఆటలు మాత్రం ఇవే.

ఆకుల రోజు

నాకు అన్నింటిలో ఇష్టమైనది ఇది. ఒక మునగ కొమ్మ తెచ్చి పాత పేపరు పరచి బిడ్డ ముందు పెట్టండి. కాడ పట్టుకుని ఆకు ఎలా దూయాలో ఒకసారి చూపించండి. సెలైన్ ఎక్కించిన చేతిని కొందరు పిల్లలు తీసేసిన తరువాత కూడా కదపకుండా దాచుకుంటారు. ఆకు దూసే పనిలో ఆ సంగతి మరిచిపోయి రెండు చేతులూ వాడతారు. ఆ చేయి ఎర్రబడి, వాచి, ముట్టుకుంటే ఏడుస్తుంటే మాత్రం ఆట ఆపి మాకు చూపించండి.

ఆకు దూస్తుండగా మాట్లాడించండి. కరివేపాకు, చింతాకు, తమలపాకు పక్కపక్కన పెట్టి ఏది పెద్దది, ఏది నున్నగా ఉంది అని అడగండి. కళ్ళు మూయించి పుదీన, కొత్తిమీర, కరివేపాకు వాసన చూపించి ఏదో చెప్పమనండి. జవాబు తప్పయినా నవ్వేయండి, పరీక్ష పెట్టవద్దు. తరువాత ఆకు వెనుక బీట్‌రూట్ ముక్క రుద్ది, పాత క్యాలెండరు వెనుక తెల్లటి వైపు అద్దితే ఈనెలతో సహా అచ్చు పడుతుంది. బెండకాయను అడ్డంగా కోసి పసుపు నీళ్ళలో ముంచి అద్దితే పువ్వులా వస్తుంది. ఆ పసుపు అచ్చు మీద సబ్బు నీళ్ళ చుక్క వేసి చూడండి, ఎర్రగా మారుతుంది. ఇది చూసి పెద్దవాళ్ళే ముందు నోరు తెరుస్తారు.

ఫలహారానికి, దూసిన ఆకును కడిగి సన్నగా తరిగి, గుడ్డు గిలక్కొట్టి అందులో కలిపి అట్టు వేయండి. గుడ్డు తినని ఇళ్ళలో పెసరట్టు పిండిలో కలపండి. పొయ్యి దగ్గర పని పెద్దలది. ఒక నిమ్మ చెక్క బిడ్డ చేతికిచ్చి అట్టు మీద పిండమనండి. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టడానికి ఆ పులుపు సాయపడుతుంది. టీ ఆ పని చెడగొడుతుంది కాబట్టి తిండితో పాటు పిల్లలకు టీ పట్టే అలవాటు మానండి.

పెరట్లో దొరికిన ప్రతి ఆకూ, ప్రతి గింజా ఆటకు పనికిరాదు. గన్నేరు, ముఖ్యంగా పచ్చ గన్నేరు కాయలు, ఉమ్మెత్త, ఆముదం గింజలు విషం. గురివింద గింజలు ఎరుపు నలుపుల్లో ముచ్చటగా ఉంటాయని దండలు గుచ్చుతారు, బొమ్మలకు కళ్ళుగా అతికిస్తారు. వాటిని నమిలి మింగితే ప్రాణం పోయే ప్రమాదం ఉంది. అలాంటివి ఇంట్లో ఉంటే ఈ రోజే తీసివేయండి. బిడ్డ ఏదైనా మింగినట్లు అనుమానం వస్తే వాంతి చేయించటానికి ప్రయత్నించక, ఆ గింజనో కాయనో వెంట తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తండి.

వాన రోజు

న్యుమోనియా వచ్చి తగ్గిన పిల్లలకు ఊదే ఆటలు మంచివి. ఊపిరి నిండా తీసి వదలటం ఊపిరితిత్తులకు కసరత్తు. బేసిన్లో నీళ్ళు పోసి కాగితపు పడవ వదిలి, నోటితో ఊది అవతలి ఒడ్డుకు చేర్చమనండి. కొబ్బరాకు బూర చేయటం తాతయ్యకు వచ్చు, ఆయనను కూర్చోబెట్టండి. చెంచా, ఖాళీ సీసా, అరటి తొక్క నీళ్ళలో వేసే ముందు “మునుగుతుందా, తేలుతుందా?” అని అడిగి, బిడ్డ చెప్పిన తరువాత వేయండి. ఆయాసం వస్తే ఆపండి.

బేసిన్ దగ్గర బిడ్డను ఒంటరిగా వదలకూడదు. జానెడు లోతు నీళ్ళలో కూడా పసిపిల్లలు మునిగిపోతారు. తలుపు కొట్టారని లేచినా బిడ్డను ఎత్తుకుని వెళ్ళండి. ఆట కాగానే నీళ్ళు పారబోయండి.

వాన వెలిసాక ఇంటి చుట్టూ బిడ్డను చేయి పట్టుకుని తిప్పి, ఎక్కడెక్కడ నీళ్ళు నిలిచాయో వెతికించండి. కొబ్బరి చిప్పలు, పాత టైర్లు, పూలకుండీల పళ్ళేలు. డెంగ్యూ దోమ ఇలాంటి శుభ్రమైన నిలవ నీటిలోనే గుడ్లు పెడుతుంది. బిడ్డ వేలు చూపించాలి, మీరు ఒంపేయాలి. వారానికొకసారి ఈ వేట సాగిస్తే బిడ్డకు ఆట, ఇంటికి రక్ష. చెప్పులు వేసి తిప్పండి, కొంకి పురుగు పిల్లలు ఒట్టి కాళ్ళ చర్మం గుండానే లోపలికి వెళతాయి.

వాన రోజు పకోడీలు అడుగుతారు. వాటి బదులు చిలగడదుంప ఉడికించి, తోలు తీసి బిడ్డకివ్వండి. చేతులు కడుక్కుని తానే మెత్తగా మెదిపితే, మీరు పాలు, నెయ్యి కలపండి.

సంత రోజు

పాత బస్సు టికెట్లే డబ్బులు. చిల్లర నాణేలు వద్దు, మింగుతారు. రెండు అరటిపండ్లు, ఒక ఉడికించిన గుడ్డు, కాస్త బెల్లం పెట్టుకుని మీరు దుకాణం తెరవండి. బిడ్డ బేరమాడి కొనాలి. లెక్క, రంగులు, “ఇవ్వండి, తీసుకోండి” అనే మర్యాద అన్నీ ఇందులోనే వస్తాయి. కొన్న గుడ్డు పెంకు తానే వలుచుకోవాలి. వేయించిన వేరుశనగ గుళ్ళు పొట్టు తీసి, బెల్లంతో కలిపి మెత్తగా దంచి ఇస్తే చిన్న చిన్న లడ్డూలు చుడతారు. వంకరగా వచ్చినా దిద్దవద్దు.

కొందరు తండ్రులు “ఈ ఆటలెందుకు, అ ఆలు దిద్దించవచ్చు గదా” అంటారు. మూడేళ్ళ బిడ్డ చేతికి గుండ్రంగా సున్న గీయటం అప్పుడప్పుడే వస్తుంది. మన తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలే గదా. పిండి ముద్ద నలిపి, లడ్డూ చుట్టి, పళ్ళెంలో పోసిన రవ్వలో వేలితో సున్నలు చుట్టిన చేయి రేపు పలకబలపం బాగా పట్టుకుంటుంది. ఆటకు చపాతీ పిండే చాలు. నిలవ ఉంటుందని అందులో ఉప్పు ఎక్కువగా కలపవద్దు, చిన్నపిల్లలు తింటే ఆ ఉప్పు హాని చేస్తుంది.

ఆసుపత్రి ఆట

ఇంటికి వెళ్ళాక పిల్లలు బొమ్మకు సూదులు పొడవటం చూసి కొందరు బెంగపడతారు. పొడవనివ్వండి. తనకు జరిగిన దాన్ని బిడ్డ ఆ విధంగా బయటకు చెప్పుకుంటుంది. గుడ్డ బొమ్మ, కొంచెం దూది, పాత చీర పేలిక కట్టు కట్టడానికి చాలు. సూది లేని కొత్త సిరంజి కావాలంటే మమ్మల్ని అడగండి. మూతి మీది చిన్న టోపీ తీసివేసి మాత్రమే ఇవ్వండి. వార్డులో వాడి పడేసినవి ఎన్నడూ తీసుకుపోవద్దు. బిడ్డ డాక్టరు, మీరు రోగి. మీకు సూది వేస్తే “అబ్బా!” అనండి. బిడ్డ మిమ్మల్ని ఎలా ఓదారుస్తుందో చూడండి. తనను ఎలా ఓదార్చాలో అందులో తెలుస్తుంది.

ఇక నా మనవి ఒకటి ఉంది. “అన్నం తినకపోతే నర్సమ్మ వచ్చి సూది పొడుస్తుంది” అని దయచేసి బెదిరించకండి. ఆ మాట విన్న బిడ్డ తెల్లకోటు కనబడగానే కేకలు పెడుతుంది. ఏడ్చే బిడ్డ గుండె చప్పుడు, ఊపిరి సరిగా వినటం కష్టం. “సూది నొప్పే పెట్టదు” అని అబద్ధమూ వద్దు. “కొంచెం నొప్పి ఉంటుంది, నేను పట్టుకుంటాను, అయిపోతుంది” అని ఉన్నమాట చెప్పండి.

గొంతులో అడ్డం పడితే

ఐదేళ్ళలోపు పిల్లలకు విడి వేరుశనగ గుళ్ళు, శనగలు, జీడిపప్పు, గట్టి చాక్లెట్లు ఇవ్వకూడదు. ద్రాక్షపండును నిలువుగా నాలుగు ముక్కలు చేసి ఇవ్వాలి. ఆటకు పూసలు, చింతపిక్కలు, గోళీలు, బెలూన్ తునకలు వద్దు. కూర్చుని తినాలి, పరుగెత్తుతూ కాదు.

గుళ్ళు తింటూ ఒక్కసారిగా పొలమారి, దగ్గి, తరువాత మామూలుగా అయిపోయిన బిడ్డను “తగ్గిపోయింది” అని వదిలేయకండి. గుండు ఊపిరి గొట్టంలో దిగి ఉండవచ్చు. కొన్నాళ్ళకు పిల్లికూతలు, జ్వరం వస్తాయి, న్యుమోనియా లాగే కనబడుతుంది. వేరుశనగ గుండు ఎక్స్‌రేలో తరచుగా కనబడదు కూడా. “ఫలానా రోజు తింటూ పొలమారింది” అని మీరు చెప్పే ఒక్క మాట మాకు దారి చూపుతుంది.

బిడ్డ దగ్గగలుగుతుంటే దగ్గనివ్వండి. దగ్గలేక, ఏడవలేక, రంగు మారుతుంటే ముందుకు వంచి, రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి మడమతో గట్టిగా ఐదుసార్లు కొట్టండి. రాకపోతే వెనుక నుండి పట్టుకుని, పిడికిలి బొడ్డుకు పైన పెట్టి లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కండి. వచ్చేవరకు ఇలా మార్చి మార్చి చేస్తూ, ఇంకొకరి చేత 108కి ఫోను చేయించండి. బిడ్డ స్పృహ తప్పితే నొక్కటం ఆపి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఫోనులో వారు చెప్పినట్లు చేయండి. ఇది ఏడాది దాటిన పిల్లలకు మాత్రమే. కనబడని దాని కోసం గొంతులో వేలు పెట్టి కెలకవద్దు, ఇంకా లోపలికి పోతుంది. టీవీ రిమోట్లు, బొమ్మల్లో ఉండే బిళ్ళ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే ఆహార గొట్టాన్ని కాల్చగలదు. బాగానే ఉందని ఇంట్లో ఉంచక వెంటనే బయలుదేరండి.

రివ్యూకు వచ్చేటప్పుడు

ఏమీ తాగలేకపోవటం, తాగిందంతా కక్కటం, ఫిట్స్, లేపినా మత్తుగా ఉండటం, వేగంగా ఊపిరి తీయటం, ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి పోవటం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా రివ్యూ తేదీ కోసం ఆగకండి. లేకపోతే చెప్పిన రోజుకు రండి. అదనపు పూట తిన్న ప్రతి రోజూ క్యాలెండరులో బిడ్డ చేతనే ఒక సున్న పెట్టించి, ఆ కాగితం తీసుకురండి. బరువు చూసే ముందు మేము ఆ సున్నలే లెక్కపెడతాము. ఆకు అచ్చులు వేసిన కాగితం కూడా తెస్తే పిల్లల వార్డు గోడ మీద అంటిస్తాము, ఇప్పుడు పడకల మీద ఉన్న పిల్లలు చూసుకుంటారు.