మర నేర్పిన పాఠం

పాఠ్యభాగ పరిచయం

యంత్రాలు నిత్యజీవితంలో భాగమైన కాలమిది. అయినను వాటిని వాడేవారు ఎక్కువ, అర్థం చేసుకొనేవారు తక్కువ. కారు ఇంజనుకు సంబంధించిన ఒక చిన్న పరికరాన్ని ఇంటివద్దనే మార్చుకొన్న తాతా మనవరాళ్ల అనుభవం ఆధారంగా, బలానికీ నేర్పుకూ గల భేదాన్ని ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

విశాఖపట్నంలో సముద్రతీరానికి సమీపాన ఒక ఇల్లు. ఆ ఇంటివారి కారు పదేళ్లుగా ఉప్పుగాలిని భరిస్తున్నది. ఒకనాడు దాని స్టీరింగు వెనుక ఇంజను ఆకారంలో ఉండే పసుపుపచ్చని దీపం వెలిగి, ఎంతకూ ఆరలేదు. పెట్రోలు ఖర్చు కూడ పెరిగింది. నౌకా నిర్మాణ కర్మాగారంలో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి పొందిన తాతయ్య, కారులోని కంప్యూటరుకు ఒక చిన్న స్కానరును తగిలించి చూశాడు. ఆక్సిజన్ సెన్సర్ సంకేతంలో లోపం ఉన్నదని అది సూచించింది.

“అయితే కొత్తది కొనవలసిందేనా తాతయ్యా?” అని ఇంటర్మీడియట్ చదువుతున్న మనవరాలు అడిగింది.

“తొందరపడరాదమ్మా. తీగ తెగినా ఈ యంత్రం ఇదే మాట చెబుతుంది” అన్నాడు తాతయ్య. తీగలనూ, పొగగొట్టపు అతుకులనూ పరీక్షించి, లోపం సెన్సర్‌దేనని నిర్ధారించుకొన్న తరువాతనే కొత్తది తెప్పించాడు.

ఆక్సిజన్ సెన్సర్ చూడడానికి చిన్నదే గాని, దాని బాధ్యత పెద్దది. పెట్రోలు సంపూర్ణంగా మండడానికి, ఒక భాగం పెట్రోలుకు బరువు ప్రకారం సుమారు 14.7 భాగాల గాలి కావాలి. గాలి తగ్గితే మండని ఇంధనమూ, విషవాయువైన కార్బన్ మోనాక్సైడూ పొగతో కలిసి వెలువడతాయి. గాలి ఎక్కువైతే పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్‌లను శుద్ధిచేయడం కష్టమవుతుంది. ఈ సమతౌల్యాన్ని కనిపెట్టి ఉండడమే సెన్సర్ పని.

దాని లోపల జిర్కోనియా అనే పింగాణి వంటి పదార్థం ఉంటుంది. అది సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కినపుడు, బయటి గాలిలోని ఆక్సిజన్‌కూ పొగలోని ఆక్సిజన్‌కూ గల వ్యత్యాసాన్ని బట్టి విద్యుత్తు పుడుతుంది. ఇంధనం ఎక్కువైతే దాదాపు 0.9 వోల్టులు, గాలి ఎక్కువైతే దాదాపు 0.1 వోల్టు వెలువడుతుంది. ఈ సంకేతాన్ని అనుసరించి కంప్యూటరు పెట్రోలును తగ్గించడమో, పెంచడమో చేస్తుంది. జర్మనీకి చెందిన బాష్ సంస్థ రూపొందించిన ఈ సాధనం 1976లో స్వీడన్ దేశపు వోల్వో కార్లలో వాడుకలోకి వచ్చింది. చెడిపోయిన సెన్సర్‌ను అలాగే వదిలివేయడం ఇంటి ఖర్చుకే కాదు, వీధిలోని వారి ఊపిరితిత్తులకు కూడ చేటు.

పాతదానిని తీయడమే ఒక పరీక్ష అయింది. ఇంజను వేడికీ, ఉప్పుగాలికీ దాని మరలు తుప్పు పట్టి బిగుసుకొనిపోయాయి. అదృష్టవశాత్తు అది బానెట్ తెరిస్తే చేతికందే చోటనే ఉన్నది. “కారు కిందికి దూరవలసి వస్తే మాత్రం జాకీ ఒక్కదానినే ఎన్నడూ నమ్మరాదు. గట్టి స్టాండులు ఉండి తీరాలి” అని తాతయ్య హెచ్చరించాడు. పొగగొట్టం పూర్తిగా చల్లారిన తరువాత బ్యాటరీ రుణధ్రువపు తీగను విప్పి, సెన్సర్ మొదట తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా ఉంచారు. మరునాడు పక్కన చీలిక గల 22 మిల్లీమీటర్ల సాకెట్‌ను తొడిగారు. కొద్దిగా వదులు చేస్తూ, మళ్లీ కొద్దిగా బిగిస్తూ ఓపికగా తిప్పగా, చివరకు అది ఊడివచ్చింది.

అసలు చిక్కు ఆ తరువాతనే ఎదురైంది. పని త్వరగా ముగించాలనే ఉత్సాహంతో మనవరాలు కొత్త సెన్సర్ తీగను ముందుగా కలిపి, తరువాత సెన్సర్‌ను రంధ్రంలో పెట్టి తిప్పసాగింది. రెండు చుట్లు తిరిగి అది మొండికేసింది. ఆమె స్పానరు అందుకొని మరికొంత తిప్పింది.

“ఆగమ్మా! ఇక తిప్పకు!” అని తాతయ్య ఆమె చేయి పట్టుకొన్నాడు.

ఆ హెచ్చరికకు కారణం ఉన్నది. ఆ సెన్సర్ మర వ్యాసం 18 మిల్లీమీటర్లు. ఒక చుట్టుకూ మరొక చుట్టుకూ నడుమ దూరం 1.5 మిల్లీమీటర్లు మాత్రమే. సెన్సర్ కొంచెం వాలినా దాని మర గొట్టపు మరలో ఇమడక అడ్డంగా పట్టుకొంటుంది. అప్పుడు బలం ప్రయోగిస్తే లోహం లోహాన్ని కోస్తుంది. గొట్టంలోని మర చెడిందంటే వర్క్‌షాపులో కొత్త మర వేయించాలి, లేదా గొట్టాన్నే మార్చాలి. ఒక్క క్షణపు తొందరపాటుకు చెల్లించవలసిన మూల్యం సెన్సర్ వెలను మించిపోతుంది.

తాతయ్య సెన్సర్‌ను మెల్లగా వెనుకకు తిప్పి బయటికి తీశాడు. టార్చిలైటు వేసి, చిన్న అద్దం అడ్డుపెట్టి చూడగా రెండు కారణాలు బయటపడ్డాయి. గొట్టపు మరలలో మసీ తుప్పూ పేరుకొని ఉన్నాయి. ముందే కలిపిన తీగ మెలిపడి, సెన్సర్‌ను ఒక పక్కకు లాగుతున్నది.

“ఇది మొండిది కాదమ్మా. తనకు దారి లేదని చెబుతున్నది, అంతే” అన్నాడు తాతయ్య.

అదే కొలత గల ట్యాపుకు గ్రీజు పూసి, రాలిన తుప్పు గొట్టంలో పడకుండా జాగ్రత్తపడుతూ మరలను శుభ్రం చేశాడు. ఆపై తీగను విడదీసి, సెన్సర్‌ను మనవరాలి చేతికే ఇచ్చాడు.

“మీ నాయనమ్మ రైలు ప్రయాణానికి మరచెంబుతో నీళ్లు తెచ్చేది, గుర్తున్నదా? మూత అడ్డంగా పడితే ఏమి చేసేది?”

“ముందు వెనుకకు తిప్పేది తాతయ్యా. మూత టక్కుమని చోటులో కూర్చున్న తరువాత ముందుకు తిప్పేది.”

“ఇక్కడ కూడ అంతే.”

ఆమె సెన్సర్‌ను నిటారుగా పట్టుకొని ఎడమవైపుకు నెమ్మదిగా తిప్పింది. ఒకచోట అది సన్నని శబ్దంతో దిగి కుదురుకొన్నది. అప్పుడు కుడివైపుకు తిప్పగా, స్పానరు అవసరం లేకుండానే చివరివరకు సాగిపోయింది. మరలు మళ్లీ పట్టివేయకుండా వాటికి లేపనం పూసే వచ్చింది కనుక వేరుగా పూయలేదు. అటువంటి లేపనం గాని, నూనె గాని సెన్సర్ కొనకు అంటరాదు. చివరకు టార్క్ రెంచితో కారు తయారీదారులు సూచించిన మేరకు బిగించారు. ఇటువంటి సెన్సర్లకు సాధారణంగా అది 40 నుండి 50 న్యూటన్ మీటర్లు. ఆ తరువాతనే తీగను కలిపారు.

ఇంజను వేడెక్కిన తరువాత స్కానరు తెరపై సంకేతం 0.1, 0.9 వోల్టుల నడుమ ఊగిసలాడసాగింది. నమోదైన లోపాన్ని తొలగించగానే పసుపు దీపం ఆరిపోయింది. మనవరాలు చేతికంటిన మసిని తుడుచుకొంటూ, పక్కన పెట్టిన స్పానరు వైపు ఒకసారి చూసింది. తనకు లోపించినది బలం కాదని ఆమెకు అర్థమైంది. చేతితో తిరగవలసిన దానిని చేతితోనే తిప్పాలి. అది తిరగనపుడు బలాన్ని పెంచడానికి ముందు కారణాన్ని వెదకాలి.

కఠిన పదాలు – అర్థాలు

సమతౌల్యం = సమానమైన తూకం
వ్యత్యాసం = తేడా
రుణధ్రువం = బ్యాటరీలో మైనస్ గుర్తు గల కొన
మూల్యం = వెల
లేపనం = పూత
మరచెంబు = మర తిప్పి మూత బిగించే చెంబు

ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు వివరంగా సమాధానాలు రాయండి.
1. ఆక్సిజన్ సెన్సర్ పనిచేసే విధానాన్ని, దాని ప్రయోజనాన్ని వివరించండి.
2. కొత్త సెన్సర్ మొండికేయడానికి గల కారణాలేవి? తాతయ్య వాటిని ఎట్లు తొలగించాడు?

II. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. “తీగ తెగినా ఈ యంత్రం ఇదే మాట చెబుతుంది.”
2. “తనకు దారి లేదని చెబుతున్నది, అంతే.”

III. ఒక్క వాక్యంలో సమాధానం రాయండి.
1. సెన్సర్ లోపల ఉండే పింగాణి వంటి పదార్థం ఏది?
2. తాతయ్య ఏ వస్తువును ఉదాహరణగా చూపాడు?