మాటకు తూకం

కొల్లేటి అంచున ఒక ఊరు ఉందనుకుందాం. ఆ ఊళ్లో గ్రామసభ జరుగుతోంది.

ఒకతను లేచాడు. "అందరూ దొంగలే! పేదోళ్ల గోడు ఎవరికి పట్టింది?" అని గట్టిగా అరిచాడు. అతని బాధ నిజమే. కాని ఏం జరిగిందో చెప్పలేదు. ఏం కావాలో చెప్పలేదు. తలా ఒక కేక వేశారు. అసలు విషయం మరుగున పడింది.

తరువాత ఒక మహిళ లేచింది. ఆమె ఈ మధ్యనే చదువు నేర్చుకుంది. చేతిలో కాగితం ఉంది.

"ప్రెసిడెంటుగారండీ! మా పేట మురుగు కాలవకు చేపల చెరువు గట్టు అడ్డుపడింది. వాన తగ్గి తొమ్మిది రోజులైనా నీళ్లు దిగలేదు. ఏ రోజు ఎంత నీరుందో రాసిపెట్టానండి. గట్టు వేయకముందు రెండు రోజుల్లో దిగిపోయేవి. ఆ అడ్డు తీయించండి. ఎప్పటిలోగా తీయిస్తారో తీర్మానంలో రాయించండి."

చెరువు రైతు లేచాడు. "చెరువు పోతే మా పిల్లలేం తినాలక్కా?" అన్నాడు.

"నీ బతుకు పోవాలని నేననలేదు తమ్ముడూ! చెరువు పూడ్చమనలేదు. కాలవ వదలమన్నాను. గట్టు కింద తూము వేస్తే నీరు పోతుంది కదా?"

రైతు ఆలోచించాడు. "మరి తూము ఖర్చు ఎవరిది?" అన్నాడు.

కేకలు ఆగాయి. లెక్క మొదలైంది.

ఆమె మాట ఎందుకు నిలిచింది?

1. జరిగింది చెప్పింది.
2. కారణం, రుజువు చూపింది.
3. ఎదుటి మనిషి మాట విని, జవాబిచ్చింది.
4. కావలసినది స్పష్టంగా అడిగింది.

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో కాటా వేయకుండా బస్తాకు డబ్బు ఇవ్వరు. మాట కూడా అంతే. రుజువే దానికి తూకం.

పెద్ద విషయాలకూ ఇదే పద్ధతి. 1999లో ప్రభుత్వం కొల్లేటిని పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు వరకు దాని హద్దు. దీన్నే ఐదో కాంటూరు అంటారు. విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. 2006లో అందులోని చేపల చెరువుల గట్లు కొట్టేశారు.

"గట్లుంటే వరద నీరు ఉప్పుటేరు దాకా పోదు. ఊళ్లు మునుగుతాయి. పక్షులకు చోటుండదు" అని కొందరు వాదించారు. "మా సొంత భూములు కూడా ఆ హద్దులో ఉన్నాయి. మా బతుకు మాటేమిటి?" అని మరికొందరు అడిగారు. హద్దును మూడో కాంటూరుకు తగ్గించాలని 2008లో శాసనసభ తీర్మానం చేసింది.

రెండు వైపులా బతుకులున్నాయి. అందుకే ఎవరు మాట్లాడినా ఒక ప్రశ్న వేయాలి: "అది నిజమని ఎలా తెలుసు?" మనవాళ్లు చెప్పినా ఈ ప్రశ్న వదలకూడదు.

రుజువు ఆఫీసులో ఉంటే? 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం అర్జీ పెట్టవచ్చు. మామూలుగా 30 రోజుల్లోగా జవాబివ్వాలి.

చదువు వచ్చింది సంతకానికే కాదు. సభలో లేచి, కాగితం చూపి, కారణం చెప్పడానికి కూడా.

ఆలోచించండి

1. మొదట లేచిన మనిషి తన బాధను ఎలా చెప్పి ఉండాల్సింది?
2. తూము ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? కారణం చెప్పండి.
3. మీ ఊరి సమస్య ఒకటి నాలుగు వాక్యాల్లో రాయండి. వచ్చే గ్రామసభలో చదవండి.