హ్యాకింగ్ కోర్సుకు అప్పు చేయకండి

ఎథికల్ హ్యాకింగ్ కోర్సులో చేర్పిస్తే మూడు నెలల్లో పెద్ద జీతం ఖాయమని చాలామంది తల్లిదండ్రులు నమ్ముతున్నారు. ఫీజు ఈఎంఐల్లో కడుతున్నారు. దయచేసి ఆగండి.

ఈ రంగానికి అసలు పునాది ఏమిటో తెలియాలంటే 2021 జులైలో విండోస్ 10లో బయటపడ్డ ‘సీరియస్ శామ్’ లోపాన్ని చూడండి. పాస్‌వర్డ్ హ్యాష్‌లు ఉండే శామ్ ఫైలును అడ్మినిస్ట్రేటర్ తప్ప ఎవరూ చదవకూడదు. 1809 వెర్షన్ నుంచి మామూలు యూజర్లకూ చదివే అనుమతి ఉండిపోయింది. విండోస్ నడుస్తున్నంతసేపూ ఆ ఫైలు లాక్‌లో ఉంటుంది కానీ, సిస్టమ్ రీస్టోర్ కోసం దాచిన షాడో కాపీలోంచి తీసుకోవచ్చు. అంటే ఏ అధికారమూ లేని ఖాతాతో లోపలికొచ్చినవాడు కంప్యూటర్ మొత్తాన్ని చేజిక్కించుకోగలడు. ఆగస్టులో ప్యాచ్ వచ్చింది. అయినా పాత షాడో కాపీలను అడ్మిన్లు స్వయంగా తొలగించాల్సి వచ్చింది. ఇంత ప్రమాదానికీ మూలం ఒక ఫైలు పర్మిషన్!

సర్టిఫికెట్లు పట్టుకొచ్చిన పిల్లల్ని లైనక్స్ ఫైలు పర్మిషన్లలో 640కీ 777కీ తేడా అడుగుతుంటాను. చాలామంది తెల్లమొహం వేస్తారు. 777 ఇస్తే ఆ మెషీన్‌లోని ఏ యూజరైనా ఆ ఫైలును మార్చేయొచ్చు. వెబ్‌సైట్ పనిచేయలేదని సర్వర్‌లో అదే కొట్టి వదిలేసేవాళ్లున్నారు. టూల్ బటన్లు నొక్కించే కోచింగ్‌లో ఇది నేర్పరు, ఎందుకంటే ప్రకటనలో మెరవదు.

అర్హత సంగతి అంటారా, డిగ్రీ, డిప్లొమా ఏదైనా పర్వాలేదు. పాత ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్, ఉబుంటు ఉచితంగా వేసుకోవచ్చు. ‘ఓవర్‌ద‌వైర్’ వాళ్ల లైనక్స్ కమాండ్లు నేర్పే బాండిట్ ఆట కూడా ఉచితమే. డబ్బు పెట్టాలనుంటే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ అనే లైనక్స్ పరీక్షకు పెట్టండి. అక్కడ ఆప్షన్లు ఎంచుకోవడం ఉండదు, సిస్టమ్ మీద పని చేసి చూపించాలి.

ఈ కోచింగ్‌లలో రెండు ఉచ్చులున్నాయి. ప్లేస్‌మెంట్ పేరుతో దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ అంటగడతారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే వచ్చిన ఉద్యోగమూ పోతుంది. రెండోది, ప్రాక్టీసంటూ ఇతరుల సిస్టమ్స్‌లో అనుమతి లేకుండా చొరబడటం. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద దానికి మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

సపోర్ట్‌లోనో, సిస్టమ్ అడ్మిన్‌గానో చిన్న జీతానికి ఉద్యోగం వస్తే పిల్లల్ని చేరనివ్వండి. పక్కింటివాళ్ల ప్యాకేజీతో పోల్చి వాళ్లను కుంగదీయకండి. ఏ ఫోల్డర్ ఎవరు తెరవాలో ఆ ఉద్యోగంలో రోజూ పిల్లలే తేలుస్తారు. సెక్యూరిటీ టీముకి మారడానికి పనికొచ్చే అనుభవం అదే.