కథలోని మబ్బు, బిడ్డ మనసులోని భయము

పసిపిల్లలకు కథ వినిపించుట సులభము. కథ ముగిసిన పిమ్మట వారేమి తలచుచున్నారో తెలిసికొనుట కష్టము. శీతోష్ణస్థితి మార్పును గూర్చిన కథలయందు తల్లిదండ్రులకు ఈ మెలకువ మరింత అవసరము.

ఉదాహరణమునకు, బిజల్ వఛరాజానీ ఆంగ్లమున రచింపగా 2019లో వెలువడిన ‘ఎ క్లౌడ్ కాల్డ్ భూరా’ అను నవలను గైకొందము. ఒకనాటి ఉదయమున ముంబయి ఆకాశమును పెద్ద గోధుమరంగు మబ్బు క్రమ్మివేయును. మిత్రులైన కొందరు పిల్లలు దాని సంగతి తేల్చుకొన బూనుదురు. ఇది కొంచెము ఎదిగిన పిల్లలు చదువదగిన గ్రంథము. చిన్నవారికి ఈ ఘట్టమును మాత్రము తెలుగున చెప్పవచ్చును.

చెప్పిన వెంటనే నీతి బోధింపరాదు. “నీకేమనిపించింది?” అని అడిగి, ఓపికతో వినవలెను. మాటలు దొరకని బిడ్డచే బొమ్మ గీయింపవలెను. బడిలోను బజారులోను ఎన్ని భాషలు నేర్చినను, పసిమనసులోని భయము ముందుగా ఇంటి మాటలలోనే బయటపడును. కావున ఈ సంభాషణము తెలుగున జరుగుట మేలు.

“నాన్నా, ఆ మబ్బు మన ఊరికి కూడా వస్తుందా?” అని బిడ్డ అడిగినచో నవ్వి త్రోసిపుచ్చరాదు. కల్పన యేదో, సత్యమేదో విడదీసి చెప్పవలెను. కథలోని మబ్బు కల్పితము. పొగవలన గాలి చెడుట సత్యము. అయితే భూమి వేడెక్కుటకు ముఖ్యకారణమైన బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, కంటికి కానరాదు. బొగ్గు, పెట్రోలు మున్నగువానిని కాల్చుటచే అది గాలిలో పెరుగుచున్నది. కానరాని దానిని కన్నులకు కట్టించుటయే కథకు గల శక్తి.

“ఆపద వస్తే మనమేం చెయ్యగలం?” అను ప్రశ్నకు మన ఒడిశా తీరమే ఉత్తరమిచ్చును. 1999 అక్టోబరు 29న వచ్చిన పెనుతుపాను సుమారు 10,000 మందిని బలిగొన్నది. 2013 అక్టోబరు 12న గంజాము జిల్లా గోపాల్‌పూరు చెంత ఫైలిన్ తుపాను తీరము దాటకముందే లక్షలాది జనులను సురక్షితస్థలములకు చేర్చిరి. నాడు మృతుల సంఖ్య నూటికి లోపుననే నిలిచినది. గాలిని ఎవ్వరును ఆపలేకపోయిరి, ప్రాణములను కాపాడగలిగిరి.

ఇట్టి నిజము బిడ్డకు ధైర్యమిచ్చును. వాయువును తగ్గించు భారము పెద్దలది, ప్రభుత్వములది. ఆ బరువును పసిభుజములపై మోపరాదు.

అభ్యాసము
1. కథలోని కల్పనలను, సత్యములను రెండు వరుసలలో వ్రాయుడు.
2. తుపాను రాత్రి ఇంటివారేమి చేసిరో మీ తాతను గాని అమ్మమ్మను గాని అడిగి తెలిసికొనుడు.
3. మబ్బు కథకు మీకు నచ్చిన ముగింపును తెలుగున చెప్పుడు.