కావలివాని విద్య : శిక్షణ, ధ్రువపత్రము – ఒక పరిశీలన

'కావలి' అను మాట తెలుగునకు మిక్కిలి పాతది. 'కాచు' అను ధాతువుతో దానికి సంబంధము. చేనికి కావలి, చెరువునకు కావలి, ఊరికి కావలి – ఇట్లు మన జీవితమంతట ఆ మాట అల్లుకొని యున్నది. నాగార్జునకొండ యందలి ఇక్ష్వాకుల శాసనములలో 'మహాతలవర' అను అధికారనామము కానవచ్చుచున్నది. మన పల్లెలలోని 'తలారి' పదమునకు దానితో చుట్టరికము గలదని పండితులు తలంతురు. మా ఉర్దూ విభాగపు విద్యార్థులకు సుపరిచితమైన 'పహరా' అను మాటయు సంస్కృతములోని 'ప్రహర' శబ్దమునుండి వచ్చినదే. ప్రహరమనగా జాము, అనగా మూడు గంటల కాలము. జాము మారునప్పుడు కావలివాడును మారుట ఆ మాటలోని భావము.

నేడు ఆ కావలివానికి 'సెక్యూరిటీ గార్డు' అని పేరు. బ్యాంకు వాకిట, ఆసుపత్రి మెట్లపై, అపార్టుమెంటు గేటు వద్ద, కర్మాగారపు ప్రాంగణమున అతడు నిలిచి యున్నాడు. మా తరగతులలో కూర్చొను విద్యార్థులలో కొందరి తండ్రులు ఈ వృత్తి వారే. రాత్రి గేటు కాచి పగలు పాఠము వినువారును కొందరున్నారు. అయినను ఈ వృత్తికి ఒక విద్య గలదనియు, దానికి చట్టము విధించిన శిక్షణ గలదనియు ఎరిగిన వారు తక్కువ. 'దుడ్డుకఱ్ఱ, ఖాకీ చొక్కా ఉన్న చాలును' అనుకొనుట పరిపాటి అయినది. ఈ అపోహను తొలగించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

చట్టము ఏమి చెప్పుచున్నది?

మన దేశమున ఈ రంగమును క్రమబద్ధము చేయుటకు పార్లమెంటు 2005 లో ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టమును చేసినది. అది 2006 మార్చి 14 నుండి అమలులోనికి వచ్చినది. దీని ప్రకారము లైసెన్సు లేక ఎవరును ఇట్టి ఏజెన్సీని నడుపరాదు. అట్లు నడిపినచో ఒక సంవత్సరము వఱకు ఖైదు గాని, 25,000 రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

గార్డుగా చేరువానికి 18 సంవత్సరములు నిండి యుండవలెను; 65 సంవత్సరములు నిండి యుండరాదు. అతని నడవడిని గూర్చి విచారణ జరుగవలెను. విధింపబడిన శిక్షణను అతడు జయప్రదముగా ముగింపవలెను. దేహదార్ఢ్యము విషయమున 2006 నాటి కేంద్ర నమూనా నియమములు కొన్ని కొలతలను నిర్ణయించినవి. పురుషులకు 160, స్త్రీలకు 150 సెంటీమీటర్ల ఎత్తు ఉండవలెను. ఒక కిలోమీటరు దూరమును ఆరు నిమిషములలో పరుగెత్తగలుగవలెను. రంగులను గుర్తింపలేని దృష్టిలోపము ఉండరాదు. ఈ చివరి నిబంధన విచిత్రముగా తోచవచ్చును గాని, హెచ్చరిక యంత్రముపై వెలుగు దీపము ఎఱ్ఱనిదో పచ్చనిదో తెలియనివాడు ఎట్లు కావలి కాయగలడు?

నూట అరువది గంటలు

ఇక శిక్షణను గూర్చి. ఆ నమూనా నియమముల ప్రకారము క్రొత్తగా చేరువానికి తరగతి గదిలో 100 గంటలు, బయట అభ్యాసమున 60 గంటలు, మొత్తము 160 గంటల బోధన జరుగవలెను. ఇది కనీసము 20 పనిదినములపై సాగవలెను. మాజీ సైనికులకును, పోలీసు శాఖలో పనిచేసి వచ్చిన వారికిని సంగ్రహ శిక్షణ చాలును: తరగతిలో 40 గంటలు, బయట 16 గంటలు, కనీసము 7 పనిదినములు.

విద్యార్థులారా, ఇచ్చట ఒక చిన్న లెక్క చేయుడు. 160 ని 20 చే భాగించిన 8 వచ్చును. 56 ని 7 చే భాగించినను 8 యే వచ్చును. అనగా దినమునకు ఎనిమిది గంటల నిండు చదువు. కావున రెండు దినములలో ధ్రువపత్రము ఇచ్చెదమని ఎవడైన చెప్పినచో అతడు శిక్షణ నిచ్చువాడు కాడు, కాగితమును అమ్మువాడు. అట్లే, చేరిన మొదటి దినముననే పండ్రెండు గంటల డ్యూటీలో నిలిపి, 'శిక్షణ కూడ జరుగుచున్నది' అని వ్రాసికొనుటయు అసత్యమే. ఇరువది నాలుగు గంటల దినమున పండ్రెండు గంటల కాపలా, ఎనిమిది గంటల చదువు చేసినవానికి నిద్రకు, అన్నమునకు, రాకపోకలకు మిగులునది నాలుగు గంటలే.

ఈ 160 గంటలలో ఏమి నేర్పుదురు? పాఠ్యక్రమము మనము ఊహించిన దానికంటె విపులమైనది. ప్రజలతో మెలగు విధము, దుస్తుల ధారణ, వ్యాయామము, భవనముల రక్షణ, అగ్నిమాపనము, జనసమూహమును అదుపు చేయుట, గుర్తింపు పత్రముల పరీక్ష, ప్రేలుడు పదార్థములను ఆనవాలు పట్టుట, ప్రథమ చికిత్స, విపత్తు వేళ చేయదగిన పనులు, రక్షణ పరికరముల వాడుక, పోలీసు ఠాణాలో ఫిర్యాదు చేయు పద్ధతి, శిక్షాస్మృతి యొక్క స్థూల పరిచయము – ఇవి ముఖ్యమైనవి. గుర్తింపు పత్రములపై నుండు ఇంగ్లీషు అక్షరములను, అంకెలను చదువగలుగుటయు అవసరమే. శిక్షణ ముగిసి ఉత్తీర్ణుడైన వానికి శిక్షణ సంస్థ ధ్రువపత్రము నొసగును.

వీనిలో ఒక్క అగ్నిమాపనమునే తీసికొందము. కట్టెకు, కాగితమునకు అంటుకొన్న నిప్పును నీటితో ఆర్పవచ్చును. కిరసనాయిలు, పెట్రోలు మండునప్పుడు నీరు పోసినచో నూనె నీటిపై తేలి మంట మఱింత వ్యాపించును. అచట నురుగు గాని, పొడి రసాయనము గాని కావలెను. విద్యుత్తు పలక కాలునప్పుడు మొదట మెయిన్ స్విచ్చి ఆపవలెను. నీరు పోసినవాడు తానే షాకునకు గురి యగును. అర్ధరాత్రి వేళ మొదట మంటను చూచువాడు కావలివాడే. ఫైరింజను వచ్చులోపల గడచు ఆ కొద్ది నిమిషములలో భవనమందలి వారి ప్రాణములు అతని ఎఱుకపై ఆధారపడి యుండును.

నిరాయుధుని హక్కు, హద్దు

గార్డు పోలీసువాడు కాడు. ఇది శిక్షణలో నేర్వదగిన ప్రథమ సూత్రము. సైన్యము, పోలీసుల యూనిఫారమును పోలిన దుస్తులను ధరించుట సహితము ఆ చట్టము క్రింద నేరమే. యూనిఫారముపై ఏజెన్సీని తెలుపు బ్యాడ్జి ఉండవలెనని, ఎడమ జేబులో త్రాడుతో కట్టిన ఈల ఉండవలెనని నియమములు చెప్పుచున్నవి. ఆలోచించి చూడగా ఆ ఈలలోనే నిరాయుధుని ధర్మమంతయు ఇమిడి యున్నది: చూచుట, హెచ్చరించుట, సాయమును పిలుచుట.

అతనికి గల అధికారము సామాన్య పౌరునకు గల అధికారమే. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 40 వ సెక్షను ప్రకారము, తన యెదుట బెయిలునకు వీలులేని, పోలీసులు వారంటు లేక పట్టుకొనదగిన నేరమును చేసిన వానిని ఏ పౌరుడైనను పట్టుకొనవచ్చును. కాని అనవసర జాప్యము లేక, ఆరు గంటలలోపల పోలీసులకు అప్పగింపవలెను. దుకాణములో సబ్బుబిళ్ల దొంగిలించెనని ఒక బాలుని గదిలో బంధించి, కొట్టి, ఒప్పుకోలు వ్రాయించుకొన్న గార్డు దొంగను పట్టినవాడు కాడు. తానే అక్రమ నిర్బంధమను నేరమును చేసినవాడు. యజమాని 'నీవే చేసితివి' అని చేతులు కడుగుకొనును. జైలు పాలగువాడు గార్డు. శిక్షణ లేమి మొదట కీడు చేయునది అతనికే.

సాయుధుని బాధ్యత

తుపాకి చేత బట్టినచో బాధ్యత ఇంకను పెరుగును. 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు లేక తుపాకిని ఉంచుకొనరాదు. 21 సంవత్సరములు నిండనివానికి లైసెన్సు రాదు. కావున 18 ఏండ్లకే నిరాయుధ గార్డు కావచ్చును గాని, సాయుధుడగుటకు మఱి మూడేండ్లు వేచియుండవలెను. ఏజెన్సీ శిక్షణా పత్రము తుపాకి లైసెన్సు కాదు. తుపాకి లైసెన్సు ఏజెన్సీ శిక్షణా పత్రము కాదు. రెండును వేర్వేరుగా కావలెను. 160 గంటల పాఠ్యక్రమములో ఆయుధముల వాడుక ఐచ్ఛికాంశము మాత్రమే. లైసెన్సు కోరువాడు ఆయుధములను భద్రముగా పట్టుట, దాచుట, తీసికొనిపోవుట మున్నగు అంశములలో శిక్షణ పొందవలెనని 2016 నాటి ఆయుధ నియమములు విధించినవి.

నగదు వాహనముల విషయమున 2018 లో కేంద్ర ప్రభుత్వము ప్రత్యేక నియమములను చేసినది. వాని ప్రకారము ప్రతి వాహనమున ఇద్దరు సాయుధ గార్డులు ఉండవలెను. ఒక వాహనమున ఐదు కోట్ల రూపాయలకు మించి తీసికొనిపోరాదు. నగరములలో రాత్రి 9 గంటల తరువాత ఏ.టి.ఎం. లలో నగదు నింపరాదు.

ఇక కాల్చుట ఎప్పుడు? భారతీయ న్యాయ సంహిత 34 మొదలు 44 వఱకు గల సెక్షనులు ఆత్మరక్షణ హక్కును నిర్వచించుచున్నవి. రక్షణకు ఎంత అవసరమో అంతకు మించి హాని చేయరాదు. పోలీసుల సాయము పొందుటకు వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు లేదు. ప్రాణమునకు గాని, తీవ్రమైన గాయమునకు గాని సహేతుకమైన భయము కలిగినప్పుడు, దోపిడి వంటి కొన్ని నేరములు జరుగుచున్నప్పుడు మాత్రమే ప్రాణము తీయుట వఱకు అది సాగును. దొంగ సంచిని పారవైచి పరుగెత్తుచున్నాడనుకొందము. సొత్తు చేజిక్కినది, ప్రాణభయము తొలగినది. అప్పుడు అతని వీపుపై కాల్చినవాడు రక్షకుడు కాడు, హంతకుడు కావచ్చును. తుపాకి పేల్చుట ఒక దినములో నేర్వవచ్చును. పేల్పకుండుట నేర్చుటకే దీర్ఘమైన శిక్షణ కావలెను.

మా మనవి

విద్యార్థులకు మేము చెప్పదలచినది ఇది. ఈ ఉద్యోగము చిన్నది కాదు, సిగ్గుపడదగినది అసలే కాదు. కాని చేరబోవునప్పుడు నాలుగు ప్రశ్నలు అడుగుడు. ఏజెన్సీకి లైసెన్సు ఉన్నదా? శిక్షణ ఎన్ని గంటలు, ఎచ్చట? ఫోటోతో గూడిన గుర్తింపు కార్డు ఇత్తురా? జీతము, భవిష్యనిధి లెక్క వ్రాతమూలకముగా ఇత్తురా? కనీస వేతనములు, భవిష్యనిధి, బోనసు మున్నగు వానికి సంబంధించిన చట్టములను 2005 నాటి చట్టపు అనుబంధములో చేర్చి, వానిని అతిక్రమించిన ఏజెన్సీ లైసెన్సును రద్దు చేయవచ్చునని చెప్పినారు. కావున ఈ ప్రశ్నలు దురుసుతనము కావు, హక్కులు. రుసుము చెల్లించి చదువని చదువునకు పత్రము కొనుట మాత్రము ఎన్నడును చేయకుడు. ఆపద వేళ ఆ కాగితము మంటను ఆర్పదు, న్యాయస్థానమున మిమ్ము కాపాడదు.

కళాశాల కమిటీ పెద్దలకు రెండు విన్నపములు. ప్రథమ చికిత్స, అగ్నిమాపనము, పౌరుడు ఎరుగవలసిన న్యాయసూత్రములు – ఈ మూడింటిలో సెలవు దినములందు ఒక చిన్న తరగతిని నడిపినచో గార్డు కాదలచినవారికే గాక అందఱికిని ఉపకరించును. అది చట్టము కోరిన 160 గంటలకు బదులు కాజాలదు గాని, దానికి మంచి పునాది కాగలదు. రెండవది, మన గేటు వద్దనే మొదలు పెట్టుదము. కాపలా ఒప్పందము వ్రాసికొనునప్పుడు తక్కువ ధర చెప్పిన వానిని గాక, తన మనుష్యులకు శిక్షణ నిచ్చి, న్యాయమైన జీతము చెల్లించువానిని ఎంచుకొందము. మనలను కాచువానిని మనము కాచుకొనుట ధర్మము గదా!