మొక్కజొన్న చేలో కలుపు, మనసులో కలుపు

 

కలుపు అంటే ఏంటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మన అమ్మలు, అవ్వలు ఊరోళ్ల చేలల్లో నడుం వంచి కలుపు తీసే మనల్ని సాకారు. అందుకే ఈ పాఠం చేలోనే మొదలుపెడదాం.

మొక్కజొన్న సాళ్ల మధ్య 60 సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. పైరు చిన్నగా ఉన్నన్నాళ్లూ ఆ ఖాళీ జాగాలో తుంగ, గరిక, ఊద, వయ్యారిభామ లేస్తాయి. మనం వేసిన ఎరువు అవే తింటాయి. మొదటి 30 నుంచి 45 రోజులే గండం. అప్పుడు చేను శుభ్రంగా ఉంచితే, ఎదిగిన పైరు తన నీడతోనే కలుపును అణిచేస్తుంది. గడువు దాటాక తీస్తే పోయిన దిగుబడి తిరిగి రాదు.

పొలానికి కలుపు చేటైనట్టే మనిషికి రాగం, ద్వేషం, మోహం, కోరిక చేటని ధమ్మపదంలోని తణ్హావగ్గం చెబుతుంది. కసిభారద్వాజ సుత్తంలో బుద్ధుడు తానూ రైతునేనంటారు. ఆ సేద్యంలో శ్రద్ధ విత్తనం, సత్యం కలుపుతీత.

అష్టాంగ మార్గంలో ఆరోది సమ్యక్ వ్యాయామం. అందులో నాలుగు పనులున్నాయి. నాలుగూ రైతుకు తెలిసినవే.

1. రాని చెడును రానీయకపోవడం. విత్తిన 2, 3 రోజుల్లో తడి నేలపై అట్రజిన్ కొట్టడం ఇందుకే. తాగే చోటికి అసలు పోకపోవడమూ ఇదే.

2. వచ్చిన చెడును తీసేయడం. కలుపు గింజ పట్టకముందే పీకాలి. కోపం మాటగా మారకముందే ఆపాలి.

3. లేని మంచిని పెంచడం. సాళ్ల మధ్య అలసంద వేస్తే కలుపుకు చోటుండదు. మైత్రి నిండిన మనసులో ద్వేషానికీ అంతే.

4. ఉన్న మంచిని కాపాడడం. పంచశీల ఒకరోజు పలికి వదిలేసేది కాదు, రోజూ పెట్టే తడి.

ఇప్పుడు తుంగ సంగతి చూడండి. పైన ఎన్నిసార్లు కోసినా నేలలోని గడ్డ నుంచి మళ్లీ లేస్తుంది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ 22 ప్రతిజ్ఞలు చేయించారు. మనుషులంతా సమానమని నమ్మడం వాటిలో ఒకటి. మనమూ ఆ మాట పలికాం, గోడ మీది పటాలు తీసేశాం. మరి పిల్లకు సంబంధం వస్తే "వాళ్లు మాలలా, మాదిగలా?" అని ఎందుకు అడుగుతున్నాం? కట్నం ఎంతని ఎందుకు బేరమాడుతున్నాం? ఆకు కోశాం గానీ, గడ్డ లోపలే ఉంది.

అభ్యాసం: ఈ వారం రోజూ పడుకునే ముందు ఐదు నిమిషాలు కూర్చోండి. ఇవాళ నాలో ఏ కలుపు లేచింది? దాని గడ్డ ఎక్కడుంది? ఈ రెండే అడగండి. ఒకరి చేను ఇంకొకరు ఎంచొద్దు. ఎవరి చేను వాళ్లే కలుపు తీసుకుందాం.

జై భీమ్.